గోడలు దాటిన గంట

1895లో కలకత్తా టౌన్‌హాల్లో ఒక సభ జరిగింది. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ అలెగ్జాండర్ మెకంజీ అధ్యక్షుడు. (మన ఊళ్ల కైఫీయతులు రాయించిన మెకంజీ కాదు లెండి. ఆయన పోయి అప్పటికే డెబ్భై ఏళ్లు దాటింది.) వేదిక మీద ఇంకా నలభై నిండని ఓ బెంగాలీ ప్రొఫెసరు, ఆయన ముందు ఒక చిన్న పెట్టె. ఆయన మీట నొక్కాడు. మధ్యలో గవర్నరుగారి భారీ శరీరం అడ్డుంది. ఆ వెనక గోడలు ఉన్నాయి, మూసిన తలుపులున్నాయి. డెబ్భై అయిదు అడుగుల అవతల, మూడో గదిలో గంట మోగింది. పిస్తోలు పేలింది. కాస్త తుపాకిమందు కూర్చి పెడితే అదీ భగ్గుమంది. ఈ గదికీ ఆ గదికీ మధ్య ఒక్క తీగ కూడా లేదు. తన ఒంట్లోంచి ఏదో దూసుకుపోయిందని గవర్నరుగారికి చీమ కుట్టినట్టయినా తెలియలేదు.

ఆ ప్రొఫెసరు పేరు జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణం ఉందని చెప్పిన శాస్త్రవేత్తగా మనందరికీ స్కూలు పుస్తకాల నుంచే తెలుసు. మొక్కల దగ్గరికి వెళ్లక ముందు ఆయన ఏం చేశాడన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఇవాళ హాల్లో వైఫై డబ్బా పెట్టి వంటింట్లో ఫోను చూసుకుంటున్నామే, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీగ లేకుండా కబురు పంపే ఆ విద్యను మన దేశంలో మొదట చేసి చూపించింది ఆయనే. ఏ కంపెనీ సరుకూ లేకుండా, రేకులు, గొట్టాలు, గోనె నార లాంటివాటితోనే చేశాడు. ఆయన వెనక ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను వదిలేసి ఈ కథ చెబితే సగమే చెప్పినట్టు.

అమ్మ నగలు

జగదీశ్ 1858 నవంబరు 30న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో పుట్టాడు. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేటు. అంతటి ఉద్యోగి కొడుకును ఇంగ్లీషు బడికి పంపాలి గదా! ఈయన మాత్రం ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడిలో వేశాడు. అక్కడ బోస్‌కు ఒక పక్క బంట్రోతు కొడుకు, ఇంకో పక్క జాలరి కొడుకు. వాళ్లు చెప్పే పిట్టల కబుర్లు, చేపల కబుర్లు నోరు తెరుచుకుని వినేవాడు. బడి వదిలాక ముగ్గురూ కలిసి ఇంటికొస్తే తల్లి బామసుందరి ముగ్గురికీ ఒకేలా పెట్టేది. ఆమె మడీ ఆచారం పాటించే మనిషే. అయినా పిల్లల కంచాల దగ్గర కులం చూడలేదు. ఈ సంగతి బోస్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు.

తండ్రిది చేతికి ఎముక లేని తరహా. ఊరి జనానికి పని కల్పించాలని వ్యాపారాల్లో డబ్బు పెట్టి నష్టపోయాడు, అప్పుల్లో కూరుకుపోయాడు. కొడుకు చూస్తే సీమకు వెళ్లి పెద్ద ఉద్యోగం తెచ్చుకుంటానంటున్నాడు. సివిల్ సర్వీసుకు తండ్రి ఒప్పుకోలేదు, జనం మీద అధికారం చేసే ఉద్యోగం తనతోనే సరి అనుకున్నాడు. పోనీ డాక్టరీ చదువుదామంటే డబ్బేదీ? పైగా తల్లికి భయం. చిన్న కొడుకును పదేళ్ల వయసులో పోగొట్టుకున్న మనిషి ఆమె. మిగిలిన ఒక్కడూ సముద్రం దాటి వెళ్తానంటే ఏ తల్లి గుండె నిలుస్తుంది? కొడుకు తన కోరిక చంపుకుని ఊరుకున్నాడు. అది గమనించిన తల్లి ఒక రాత్రి తానే కొడుకు పక్క దగ్గరికి వచ్చి, తన నగలున్నాయని, అవి అమ్మి పంపిస్తానని చెప్పింది. చివరికి తండ్రి తిరిగి ఉద్యోగంలో చేరడంతో నగలు అమ్మే అవసరం రాలేదు. కానీ ఆ ఇంట్లో సరేనన్న మొదటి మాట ఆమెదే.

1880లో లండన్ వెళ్లి డాక్టరీలో చేరాడు గానీ, అంతకు ముందే అస్సాంలో పట్టుకున్న జ్వరం వదల్లేదు. శవాలను కోసే గదిలోని వాసనకు అది ఇంకా ముదిరింది. డాక్టరీ మానేసి కేంబ్రిడ్జ్‌లో క్రైస్ట్స్ కాలేజీలో సైన్సు చదివాడు. అక్కడ లార్డ్ రేలీ లాంటి గురువు దొరికాడు. ఒక రకంగా ఆ జ్వరం మనకు మేలే చేసింది!

మూడేళ్లు జీతం లేదు

1885లో తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేరాడు. వైస్రాయి రిపన్ సిఫార్సు ఉన్నా కాలేజీ వాళ్లు అయిష్టంగానే తీసుకున్నారు. భారతీయులు సైన్సు చెప్పడానికి పనికిరారని అప్పట్లో దొరల నమ్మకం. జీతం సంగతి మరీ అన్యాయం. అదే కుర్చీలో తెల్లాయన కూర్చుంటే మొత్తం జీతం, మనవాడు కూర్చుంటే మూడింట రెండు వంతులు. అదీ తాత్కాలికం పేరుతో అందులో సగానికి కోశారు. అంటే తెల్లవాళ్లు తెచ్చుకునేదాంట్లో మూడో వంతు!

బోస్ గొడవ పడలేదు. ఉద్యోగం వదిలేయనూ లేదు. రోజూ వెళ్లి పాఠం చెప్పాడు, నెల కాగానే ఇచ్చిన జీతం ముట్టుకోలేదు. ఒక నెలా రెండు నెలలూ కాదు, మూడేళ్లు. ఇంట్లో తండ్రి అప్పులు అలాగే ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1887లో, ఆయనకు పెళ్లయింది.

ఆ పెళ్లికూతురి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. పేరు అబల. (ఆ తండ్రి ఏ ధ్యాసలో పెట్టాడో గానీ ఇంతకన్నా నప్పని పేరు ఇంకొకటి ఉండదు.) తండ్రి దుర్గామోహన్ దాస్ బ్రహ్మసమాజంలో పేరున్న సంస్కర్త. తన తండ్రి పోయాక చిన్న వయసులోనే విధవరాలైన సవతి తల్లికి మళ్లీ పెళ్లి జరిపించి, బంధువులందరి చేతా మాటలు పడ్డ మనిషి. కూతుళ్లను చదివించాడు. అబలకు డాక్టరు కావాలని కోరిక. 1882 నాటికి కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లలను చేర్చుకోవడం లేదు. మద్రాసులో మాత్రం 1875 నుంచే చేర్చుకుంటున్నారు. బెంగాలీ తప్ప చుట్టూ మాట్లాడే ఏ భాషా రాని అమ్మాయి, మన తెలుగు జిల్లాలకూ అప్పటి రాజధాని అయిన ఆ మద్రాసుకు స్కాలర్‌షిప్పు మీద ఒంటరిగా వచ్చి మెడిసిన్ చదివింది. ఆరోగ్యం దెబ్బతిని డాక్టరుగా మారకుండానే తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఆమె వెళ్లిన కొద్ది కాలానికే కలకత్తా కాలేజీ కూడా ఆడపిల్లలకు తలుపు తీసింది. రెండేళ్లు ముందు తీసి ఉంటే ఈ కథ ఎలా ఉండేదో!

జీతం తీసుకోని భర్తతో కలకత్తాలో కాపురం పెట్టడం అయ్యే పనేనా? హుగ్లీ నది ఒడ్డున, ఫ్రెంచి వాళ్ల చందర్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. పొద్దున్నే బోస్ నది దాటి అవతలి ఒడ్డున రైలెక్కాలి. పడవవాడికి రోజూ ఇవ్వడం ఎందుకని ఒక చిన్న పడవ సంపాదించారు. భార్య కూడా వెళ్లి ఆయన్ను అవతల దించి, పడవ తానే నడుపుకుంటూ ఇంటికొచ్చేది. సాయంత్రం మళ్లీ ఎదురు వెళ్లేది. 1887లో, కొత్తగా పెళ్లయిన పిల్ల, గంగ లాంటి నది మీద ఒంటరిగా పడవ వేసుకుని రావడం! ఒడ్డున ఉన్నవాళ్లు ఎన్ని అనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

మూడేళ్లయ్యాక కాలేజీ దిగొచ్చింది. ఉద్యోగం ఖాయం చేసి, చేరిన రోజు నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఒక్కసారే ఇచ్చింది. ఆ మొత్తం తండ్రి అప్పులకే పోయింది.

గదిలో పట్టే కెరటం

1894 నవంబరులో, ముప్పై ఆరో పుట్టినరోజున, ఇక పరిశోధనే చేయాలని బోస్ నిశ్చయించుకున్నాడు. ప్రయోగశాల ఎక్కడ? కాలేజీలో స్నానాలగదిని ఆనుకుని ఓ ఇరుకు గది ఖాళీగా ఉంది. అదే ప్రయోగశాల. సామాను కొనడానికి గ్రాంటు లేదు, సొంత డబ్బే. చేసిపెట్టడానికి తరిఫీదైన మెకానిక్కు లేడు. డబ్బాలు, లాంతర్లు చేసుకునే రేకు పనివాణ్ని పిలిచి, పక్కన కూర్చుని చెప్పి చేయించుకున్నాడు.

ఇప్పుడు కొంచెం సైన్సు. భయపడకండి, మన వంటింటి గరాటు దాటి వెళ్లం.

చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్టు, విద్యుత్తు నిప్పురవ్వ చిమ్మితే చుట్టూ కంటికి కనపడని అలలు లేస్తాయని జర్మనీలో హెర్ట్జ్ 1887-88లో చూపించాడు. అల శిఖరానికీ తర్వాతి అల శిఖరానికీ మధ్య దూరాన్ని తరంగ దైర్ఘ్యం అంటారు. హెర్ట్జ్ అలలు చాలా పొడుగు. వాటిని వంచి చూపడానికి ఆయన కీలుతో చేయించిన పట్టకం మనిషెత్తుకు దగ్గరగా ఉండేది, బరువు ఆరువందల కిలోలు! అల ఎంత పొడుగైతే దాన్ని పట్టే సాధనమూ అంత పెద్దది కావాలి. ఎందుకంటే ఏనుగును తిప్పాలంటే పెరడు కావాలి, పిల్లిని తిప్పడానికి గుమ్మం చాలు.

బోస్ దగ్గర ఉన్నది గుమ్మమంత చోటే. మరి ఏనుగును పిల్లిని చేస్తే? అదే చేశాడాయన. అలను కుదించాడు. చిన్న లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వలు పుట్టించి, దాదాపు అయిదు మిల్లీమీటర్ల పొడుగున్న అలలు రాబట్టాడు. మన చిటికెన వేలి గోరంత కూడా లేదు! పుట్టించే పెట్టె ఏడంగుళాల ఎత్తు, ఆరంగుళాల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు. పోపుల డబ్బా పక్కన పెట్టుకోవచ్చు. లేమికి తలవంచి ఆయన ఈ దారి పట్టాడని కొందరు రాస్తారు. నాకలా అనిపించదు. బల్ల మీద పెట్టుకుని వెలుగుతో ఆడుకున్నట్టే ఈ అలలతో ఆడుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అందుకు చిన్న అలే సరైంది. చేతిలో డబ్బు లేకపోవడం, బుర్రలో ఆలోచన ఉండడం రెండూ ఒకే వైపు లాగాయి, అంతే.

అల పుట్టాక దాన్ని కావలసిన వైపుకు పంపాలి. అవతల జారిపోకుండా పట్టుకోవాలి. ఆ రెండు పనులూ చేసేదే యాంటెన్నా. బోస్ అలలను గుండ్రటి, చదరపు రేకు గొట్టాల్లోంచి బయటికి పంపాడు. పట్టుకునే చోట గొట్టం మూతికి గరాటు తగిలించాడు. సన్న మూతి సీసాలో నూనె పోయాలంటే ఏం చేస్తాం? గరాటు పెడతాం. వెడల్పు నోటితో పోగుచేసి సన్న నోటికి అందిస్తుంది. అలలకూ అదే న్యాయం. గరాటును తిరగేస్తే పెళ్లిపందిట్లో మైకువాడు కొబ్బరిచెట్టుకు కట్టే హారను. గొంతును నలుదిక్కులా చెదరనీయకుండా ఒక దిక్కుకు తోస్తుంది. బోస్ పోగుచేసే గరాటు అని పిలిచిన దాన్నే ఇవాళ ఇంజనీర్లు హారన్ యాంటెన్నా అంటారు. అడిగితే ఏ రేకు పనివాడైనా ఓ పూటలో చేసిచ్చే వస్తువు అది!

టౌన్‌హాల్లో గంట మోగించడానికి మాత్రం ఇంకో రకం వాడాడు. ఇరవై అడుగుల గెడ చివర గుండ్రటి లోహపు పళ్లెం బిగించి పెట్టెకు కలిపాడు. అవతల అందుకునే సాధనానికీ అలాంటిదే ఇంకొకటి. గెడ పొడుగైతే అలా పొడుగవుతుంది. పొడుగు అలలు గోడలను తేలిగ్గా దాటతాయి. సన్నటి అలలు గోడ తగలగానే నీరసించిపోతాయి.

మీ ఇంట్లో వైఫైకి కూడా ఇదే లెక్క. డబ్బా మీద 2.4 అనీ 5 అనీ రెండు పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ అల పన్నెండు సెంటీమీటర్లు, 5ది ఆరు సెంటీమీటర్లు. పడగ్గదిలో 5 పని చేయకపోయినా 2.4 వస్తుందంటే కారణం ఇదే. ఇంకో మాట. ఆ డబ్బాను ఇనుప బీరువా వెనకో, నిలువుటద్దం వెనకో, ఫిష్ ట్యాంకు పక్కనో పెడితే డబ్బులిచ్చి కొన్న అలను మనమే ఆపుకున్నట్టు. లోహం వెనక్కి తోసేస్తుంది, నీరు తాగేస్తుంది. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టి చూడండి. కుర్రాళ్లు కొందరు ఖాళీ రేకు డబ్బా పక్కన చిల్లు పెట్టి, మూడు సెంటీమీటర్ల రాగి తీగ ముక్క లోపలికి నిలబెట్టి యాంటెన్నా చేసుకుంటారు. అలకు నాలుగో వంతు పొడుగు కనకనే ఆ మూడు సెంటీమీటర్లు. డబ్బా వ్యాసం ఏడున్నర సెంటీమీటర్లకు తగ్గితే ఆ అల లోపలికి దూరదు. అందుకే చిన్న డబ్బాలు పనికిరావు. రేకు గొట్టంలో అలను నడిపించడం ఎవరి విద్యో ఇప్పుడు మీకు తెలుసు.

గోనె నార, రైలు టైంటేబుల్

ఒక వైపు ఊగే అలను పోనిచ్చి, దానికి అడ్డంగా ఊగే అలను ఆపేసే సాధనం ఆయనకు కావలసి వచ్చింది. వెలుగుకైతే ఖరీదైన స్ఫటికాలు వాడతారు. బోస్ జనపనారను పట్టి చూశాడు. చక్కగా పని చేసింది! అరటి నార, అనాస నార కూడా పరీక్షించాడు. బల్ల మీది బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ తీసి పేజీల మధ్య తగరపు రేకులు పెట్టాడు, అదీ పని చేసింది. గంధకంతో పట్టకాలు పోశాడు. కలకత్తా చెమ్మకు సీమ పద్ధతి ఇనుప రజను సాధనాలు మొరాయిస్తే, సన్నటి ఉక్కు స్ప్రింగులను ఒకదానికొకటి ఆనించి సొంత సాధనం చేసుకున్నాడు. మన చెమ్మ సంగతి మనకే తెలియాలి మరి. తర్వాత గెలీనా అనే సీసపు ఖనిజం ముక్కకు లోహపు మొన తాకించి, ఈ అలలను పసిగట్టే కొత్త సాధనం కనిపెట్టాడు. దాని కథ ముందుంది.

1896లో సీమ ప్రయాణం. అబల కూడా వెళ్లింది. లివర్‌పూల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో బోస్ తన పెట్టె తెరిచి ప్రయోగాలు చేసి చూపించాడు. శ్రోతల్లో లార్డ్ కెల్విన్ ఉన్నాడు. అప్పటికి ఫిజిక్సులో ఆయన మాటకు తిరుగులేదు. డెబ్భైకి పైబడ్డ మనిషి, పైగా కాలు కుంటి. ప్రసంగం కాగానే మెట్లెక్కి ఆడవాళ్లు కూర్చునే పై గ్యాలరీకి వెళ్లి, శ్రీమతి బోస్ రెండు చేతులూ పట్టుకుని అభినందించాడు. బోస్ జీవితంలో వచ్చిన బిరుదులన్నీ చదివాను గానీ, ఆ ముసలాయన అన్ని మెట్లెక్కి సరైన మనిషి దగ్గరికే వెళ్లడం నాకు ఎక్కువ నచ్చింది. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం ప్రసంగం. అంతకన్నా గౌరవం శాస్త్రవేత్తకు ఆ రోజుల్లో లేదు.

పేటెంటు వద్దన్న మనిషి, కావాలన్న ఆడవాళ్లు

అదే 1896లో లండన్‌లోనే మార్కొనీ అనే ఇటలీ కుర్రాడు తీగలేని టెలిగ్రాఫ్‌కు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకున్నాడు. 1909లో నోబెల్ బహుమతి. రేడియో కనిపెట్టింది బోసే, మార్కొనీ దొంగిలించాడు అనే మాట మన వైపు తరచూ వినిపిస్తుంది. అంత మాట అనక్కర్లేదు. మార్కొనీ వెంటపడింది పొడుగు అలలనూ దూరాలనూ. బోస్‌కు కావలసింది అల గుణం. అయితే అట్లాంటిక్ సంకేతాన్ని మార్కొనీ అందుకున్న సాధనం లాంటిది బోస్ 1899లోనే రాయల్ సొసైటీ పత్రంలో వర్ణించి ఉన్నాడు. ఆ పోలికను ఇంజనీర్లు 1998లో పత్రాలు వెతికి మరీ చర్చకు తెచ్చారు.

బోస్ తన సాధనాలు ఎలా పని చేస్తాయో దాచలేదు, సభల్లో విప్పి చూపించాడు. 1901లో ఆయన లండన్‌లో ఉన్నప్పుడు ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితాలు పట్టుకుని వచ్చాడు. సంతకం పెడితే లాభంలో వాటా ఇస్తానన్నాడు. అంతటి కోటీశ్వరుడు ఇంకా డబ్బు కోసం అలా పాకులాడడం చూసి బోస్‌కు వెగటు పుట్టింది. ఆ గానుగలో ఒకసారి తల పెడితే బయటపడనని భయపడ్డాడు. ఈ సంగతంతా స్నేహితుడు రవీంద్రనాథ్ టాగూరుకు ఉత్తరంలో రాశాడు. ఆయన్ను సీమలో ఉంచి పని చేయించడానికి త్రిపుర మహారాజు దగ్గర డబ్బు అడిగి పంపిన స్నేహితుడు టాగూరు.

ఈ విషయంలో ఆయనతో ఒప్పుకోనివాళ్లు ఇద్దరు, ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరు వివేకానందుడి శిష్యురాలు, ఐర్లండులో పుట్టిన సోదరి నివేదిత. 1898లో మన దేశం వచ్చినప్పటి నుంచీ బోస్ దంపతులకు ఆప్తురాలు. 1900 చివర లండన్‌లో ఆయనకు ఆపరేషన్ జరిగితే, కోలుకునేదాకా వింబుల్డన్‌లోని తన తల్లి ఇంట్లో పెట్టుకుంది. ఆయన పుస్తకాల ఇంగ్లీషు దిద్దిపెట్టింది. రెండోవారు సారా బుల్, అమెరికా ఆవిడ, పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడి భార్య, అప్పటికి వితంతువు. ఇద్దరూ పట్టుబట్టారు. గెలీనా సాధనానికి 1901లో అమెరికాలో దరఖాస్తు పడింది. 1904 మార్చి 29న పేటెంటు వచ్చింది. అందులో సగం హక్కు సారా బుల్ పేరు మీద ఉంటుంది. గెలీనా అర్ధవాహకం. అలాంటి పదార్థంతో చేసిన సాధనానికి లోకంలో పుట్టిన తొలి పేటెంట్లలో అదొకటి. తర్వాత రోజుల్లో రేడియో, ట్రాన్సిస్టరు, ఇవాళ మన చేతిలో ఫోను, అన్నీ అర్ధవాహకాల మీదే నడుస్తున్నాయి గదా!

బోస్ ఆ పేటెంటు మీద పైసా తీసుకోలేదు. గడువు తీరిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. విద్యను అమ్ముకోకూడదన్న ఆయన పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ నాకు నివేదిత పక్షమే సబబనిపిస్తుంది. పరిశోధనకు డబ్బు లేక స్నానాలగది పక్కన తలదాచుకున్న మనిషి ఆయన. న్యాయంగా రావలసిన సొమ్ముతో ఒక మంచి ప్రయోగశాల పదేళ్ల ముందే వచ్చి ఉండేదేమో. ఆడవాళ్లకు డబ్బాశ అని కొట్టిపారేయకండి. చేటలో బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో లెక్క చూసుకునే అలవాటు అది. జీతం ముట్టని మూడేళ్లూ ఆ లెక్క చూసుకున్నది ఆ ఇంటి ఇల్లాలే.

తర్వాత ఆయన మొక్కల వైపు మళ్లాడు. ఆ కథ మీకు తెలిసిందే, మొక్క ఎదుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్, సీమలో వాదోపవాదాలు, 1917లో సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం. నివేదిత 1911లో డార్జిలింగ్‌లో బోస్ దంపతుల దగ్గరే కన్నుమూసింది. ప్రయోగశాల కట్టాలన్నది ఆమె కల కూడా. 1917 నవంబరు 30న, తన పుట్టినరోజునే, బోస్ కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించాడు. ప్రవేశం దగ్గర దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ చెక్కించాడు. అది నివేదితకు గుర్తు.

మరి ఆ అయిదు మిల్లీమీటర్ల అలలు? వాటిని అందరూ మర్చిపోయారు. దూరం వెళ్లవు, గోడ దాటవు, ఎవరిక్కావాలి? దాదాపు వందేళ్లకు వాటి అవసరం పడింది. 1997లో అమెరికాలో ఒక రేడియో ఖగోళ శాస్త్రవేత్త, ఎమర్సన్, తమ టెలిస్కోపు రిసీవరులో వాడుతున్న హంగులకు మూలాలు బోస్ పెట్టెలో ఉన్నాయని వివరంగా రాశాడు. 60 గిగాహెర్ట్జ్ అంటే సరిగ్గా ఆ అయిదు మిల్లీమీటర్ల అలే. ఇవాళ ఒకే గదిలో, తీగ లేకుండా, సినిమా అంత పెద్ద సరుకును క్షణాల్లో పంపే వైఫైకి ఆ అలే వాడుతున్నారు. గోడ దాటదన్న లోపమే ఇప్పుడు సుగుణమైంది. మీ గదిలోది పక్కింటి దానికి అడ్డు రాదు. 2012లో ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ, ప్రెసిడెన్సీలో 1894-96 ప్రయోగాలకు గుర్తుగా ఫలకం వేసింది.

బోస్ 1937 నవంబరు 23న గిరిదిలో పోయారు. ఇంకో వారం ఉంటే డెబ్భై తొమ్మిది నిండేవి. సంతానం నిలవలేదు.

అబల మాత్రం అప్పటికే వేరే పనిలో పీకల దాకా మునిగి ఉంది. 1910 నుంచి బ్రహ్మ బాలికా శిక్షాలయం బాధ్యత ఆమెదే. 1919లో నారీ శిక్షా సమితి పెట్టింది. పల్లెల్లో ఆడపిల్లలకు బడులు తెరిపించాలంటే పంతులమ్మలు ఏరీ? చిన్నతనంలో భర్తను పోగొట్టుకుని పుట్టింట్లో పనిమనుషుల్లా బతుకుతున్న అమ్మాయిలను తీసుకొచ్చి, విద్యాసాగర్ బాణీ భవన్ అనే ఆశ్రమంలో పెట్టి చదువు చెప్పించి, వాళ్లనే పంతులమ్మలను చేసింది. చదువు అంటనివాళ్లకు నేత, కుట్టు నేర్పించింది. భర్త పోయాక ఆయన మిగిల్చిన దాంట్లోంచి లక్ష రూపాయలు తీసి, వయసు మీరిన స్త్రీలకు అక్షరాలు నేర్పడానికి నివేదిత పేరిట నిధి పెట్టింది. 1951 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూసేనాటికి ఆశ్రమంలో చదువుకున్న అమ్మాయిలు బెంగాల్ పల్లెల్లో బడులు నడుపుతున్నారు. రేకు పనివాడు చేసిన గొట్టాలు, గరాటులు బోస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రదర్శనశాలలో దాచారు.